సీమ కోడలు, పాలమూరు అమ్మాయి

పెళ్ళై రాజమండ్రిలో అత్తగారింట అడుగుపెట్టిన వారానికే నా పేరు పోయింది. "సీమ కోడలు" అయ్యాను. పులుసులో కారం ఒక పిసరు ఎక్కువైతే "సీమ చెయ్యి కదా!" అనేవారు. కాస్త గొంతు పెంచితే "వదినా, బాంబులేస్తావా ఏమిటి?" అని ఆడపడుచులు నవ్వేవారు. నేనూ నవ్వేసి, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేదాన్ని.

నిజానికి అది మావాళ్ళు కోరి పెట్టుకున్న పేరు. 1800లో నిజాం మా జిల్లాల్ని ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చేస్తే "దత్త మండలాలు" అన్నారు. ఒకరు మరొకరికి ఇచ్చేసిన నేల అన్నమాట! ఆ పేరు నచ్చకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన "రాయలసీమ"ను ఆనందంగా అందుకున్నారు. అంత గౌరవంగా తెచ్చుకున్న పేరు మా అత్తారింట్లో వేళాకోళమైంది.

తర్వాత హైదరాబాదు వచ్చాం. ఇక్కడ గోదావరి ఆయనా, కర్నూలు నేనూ ఒకటే, "ఆంధ్రోళ్ళు". ఢిల్లీ వెళ్తే అదీ లేదు, "మద్రాసీ"లం! మద్రాసు నుంచి విడిపోయింది 1953లోనే అంటే వినేదెవరు?

ఇన్ని పేర్లు పడ్డదాన్ని, నాకు బుద్ధి ఉండాలా వద్దా? ఓరోజు ఫోనులో మా అక్కతో "పనికి కొత్తగా కుదిరింది. పాలమూరు లేబరులే" అనేశాను. పక్కనే చదువుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "ఆమెకి పేరు లేదా అమ్మా?" అంది.

పాలమూరంటే మహబూబ్‌నగర్ పాత పేరు. కరువుకి ఊళ్ళొదిలి, దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టిన జనం వాళ్ళు. ఆ చాకిరీకి దక్కిన బిరుదు "లేబరు".

గిన్నెలు తోముతున్న ఆమె విననే విన్నది. కాసేపాగి మెల్లగా అంది: "మా నాయిన డ్యాముల మీద పని చేసిండమ్మా. అప్పుడు మా ఊర్ల తాగనీకి నీళ్ళు లేకుండె."

ఏం చెప్పను? "మీదే ఊరు?" అన్నాను. అలంపూర్ దగ్గర పల్లెట. అవతలి ఒడ్డున మా కర్నూలు! మా ఇద్దరి మధ్యా ఉన్నది తుంగభద్ర ఒక్కటే.

ఆ పూట ఇద్దరం కలిసి టీ తాగాం. అప్పటినుంచీ ఆమెని పేరుపెట్టే పిలుస్తున్నాను. మొన్న పండక్కి మా అత్తగారొచ్చి, "పనమ్మాయిది ఏ ఊరే?" అని అడిగారు.

"మా ఊరి పక్కనేనండీ" అన్నాను.