కన్నీళ్లు పెట్టించే కంఠం

లండన్ గాయని అడెల్ రెండో ఆల్బమ్ పేరు ‘21’. ఆ పాటలు కట్టేనాటికి ఆమె వయసు అది. 2011 జనవరిలో వచ్చి, ప్రపంచమంతా కలిపి మూడు కోట్ల ప్రతులు దాటింది. అందులో సింహభాగం ప్రేమ చెడిన బాధే. విరహగీతాలకు లోకంలో ఎప్పుడూ కొదవ లేదు. మరి ఈ గొంతు వింటే ఇంతమందికి కళ్లెందుకు చెమ్మగిల్లాయి?

‘సమ్‌వన్ లైక్ యూ’ పాటనే చూడండి. తోడుగా ఉన్న వాద్యం ఒక్క పియానో. పాశ్చాత్యులు విషాదానికి మామూలుగా మైనర్ స్కేలు ఎంచుకుంటారు. ఈ పాట మాత్రం మేజర్ స్కేలులో ఉంది, అంటే మన ధీరశంకరాభరణం స్వరాల్లో! కాబట్టి ఏడుపంతా స్వరాల ఎంపికలోనే లేదు, వాటిని నడిపిన తీరులోనూ ఉంది. చరణాలను ఆమె కింది స్థాయిలో, దాదాపు మాట్లాడుతున్నట్టే పాడుతుంది. పల్లవి రాగానే గొంతు పైకి లేస్తుంది, బలం పుంజుకుంటుంది.

బ్రిటన్ మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా 1991లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏ సంగీతంలో సరిగ్గా ఏ చోట కన్నీళ్లొచ్చాయో, ఎక్కడ ఒళ్లు జలదరించిందో శ్రోతలను అడిగి, ఆ చోట్ల స్వరలిపిని పరిశీలించారు. కన్నీళ్ల చోట తరచుగా కనిపించింది అపోజియాటురా అనే అలంకారం. వెనుక మోగే కార్డ్‌తో (ఒకేసారి పలికే స్వరాల గుంపుతో) పొసగని స్వరం మీద గాయకుడు కాస్త నిలిచి, పొసగే స్వరం మీదికి దిగుతాడు. చెవికి చిన్న ఇబ్బంది, వెంటనే ఊరట. 2012లో పత్రికలు అడెల్ పాట కిటుకు ఇదేనని ప్రచారం చేశాయి. నాకది తొందరపాటుగానే తోస్తుంది. ఆ అలంకారం ఉన్న పాటలు కోకొల్లలు, అన్నీ ఏడిపించడం లేదు.

ఆల్బమ్ వచ్చిన నెలలోనే మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి మరో ఆధారం వచ్చింది. ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదళ్లను స్కాన్ చేస్తే, ఒళ్లు పులకించే ఘట్టంలోనే కాదు, దానికోసం ఎదురుచూసే క్షణాల్లోనూ ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతోందని తేలింది. వాళ్లు వినిపించింది మాటల్లేని వాద్యసంగీతం. అయినా, పల్లవి రాబోతోందని తెలిసిన శ్రోత ఊపిరి బిగబట్టడం ఎందుకో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక గొంతు సంగతి. స్త్రీల స్వరతంత్రులు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవైన మెత్తటి మడతలు. కింది స్థాయిలో అవి మందంగా ఉండి నిండుగా కదులుతాయి. పైకి పోయేకొద్దీ ఒక కండరం వాటిని సాగదీస్తుంది, పలచటి అంచులే కంపిస్తాయి. ఒక పద్ధతి నుంచి రెండోదానికి మారే చోట గొంతు జీరపోతుంది. సాధన చేసిన గాయకులు చాలామంది ఈ అతుకు వినపడకుండా దాచేస్తారు. అడెల్ దాచదు. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడేటప్పుడు ఎవరి గొంతైనా అలాగే తడబడుతుంది కదా, అందుకే మనకది పాటలా కాక ఏడుపులా చేరుతుంది. అది లోపం కాదు, పనితనం.

బలంగా పాడటానికి మాత్రం మూల్యం ఉంది. 440 హెర్ట్జ్ స్వరాన్ని ఒక్క నిమిషం పట్టుకుంటే ఆ మడతలు 26,400 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. గట్టిగా పాడితే గాలి ఒత్తిడి పెరిగి ఆ తాకిడి మరింత విసురుగా ఉంటుంది. పైపొర కింద జిగురులాంటి మెత్తటి పొరలో సన్నటి రక్తనాళాలుంటాయి. ఒకటి చిట్లిందా, రక్తం ఆ పొరలోకి చేరి మడత బరువెక్కుతుంది, కంపనం గతి తప్పుతుంది, గొంతు పోతుంది.

2011లో అడెల్‌కు జరిగింది ఇదే. స్వరతంత్రి మీద లేచిన పాలిప్ అనే చిన్న బుడిపె నుంచి పదేపదే రక్తస్రావమై కచేరీలు రద్దయ్యాయి. నవంబరులో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ స్టీవెన్ జీటెల్స్ లేజర్‌తో సూక్ష్మ శస్త్రచికిత్స చేశారు. తర్వాత కొన్ని వారాలు మాట కూడా మాట్లాడకుండా మౌనం. 2012 ఫిబ్రవరి 12న గ్రామీ వేదిక మీద మళ్లీ పాడి, అదే రాత్రి ఆరు పురస్కారాలు అందుకుంది.

ఆ మెత్తటి పొర మచ్చకడితే తిరిగి మునుపటిలా తయారు కాదు. దాని స్థానంలో వాడగల జెల్ కోసం జీటెల్స్, ఎంఐటీ శాస్త్రవేత్త రాబర్ట్ లాంగర్‌తో కలిసి చాలా ఏళ్లుగా పనిచేశారు. శస్త్రచికిత్స బాగా కుదిరినంత మాత్రాన తాకిడి తగ్గదు. 2017లో లండన్ వెంబ్లీ స్టేడియంలో నాలుగు కచేరీలు ఒప్పుకున్న అడెల్, స్వరతంత్రులు దెబ్బతినడంతో చివరి రెండూ వైద్యుల సలహాపై మానుకుంది.