మునిగే రేవు మురికి కారాదు

మఠంపల్లి: మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో 11 రోజులు ఉండి, కృష్ణలో మునిగి, రోజుకు 32 ప్రదక్షిణలు చేసే మొక్కు మన ప్రాంతంలో తెలియనివారు అరుదు. మొక్కు మంచిదే. తెల్లవారకముందే చెంబు పట్టుకుని ఏటి ఒడ్డుకు నడిచే పాత అలవాటే మానుకోవాలి.

పారే నీరు, కొట్టుకుపోతుందిలే అనుకునే కాలం పోయింది. 2013లో పులిచింతల ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. అక్కడ నీరు నిలిపితే ఇక్కడ కృష్ణ చెరువులా నిలుస్తుంది. ఒడ్డున విడిచిన మలం వానకు జారి అదే నీటిలో చేరుతుంది. స్నానంలో ఒక్క గుక్క మింగినా కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాలు పట్టుకోవచ్చు. మలం కలిసిన మట్టిలో చెప్పుల్లేకుండా నడిస్తే కొంకిపురుగు పాదాల గుండా ఒంట్లోకి చేరుతుంది.

మరుగుదొడ్డి ఉన్నచోట దాన్నే వాడాలి. దారిలో అదీ లేకుంటే నీటికి 200 అడుగుల దూరాన జానెడు లోతు గొయ్యి తీసి, పని కాగానే మట్టి కప్పాలి. ఒకరిద్దరికి ఇది సరిపోతుంది గాని తిరునాళ్ళ జనానికి చాలదు. వారికి నీరు, దీపం, తలుపు గడియ ఉన్న దొడ్లు కావాలి. లేకుంటే చీకటి పడేదాకా బిగబట్టుకుని బాధపడేది ఆడవారే.

2016లో జరిగిన కృష్ణా పుష్కరాలు మళ్ళీ 2028లో వస్తాయి. ఏర్పాట్లు అధికారుల బాధ్యత. రేవును కాపాడుకోవడం మనందరి పని.