పరీక్షకు చిక్కని ఆ కొన్ని రోజులు: దానం చేసిన రక్తాన్ని ఎలా జల్లెడ పడతారు?

రక్తదానం పూర్తికాగానే దాతకు పళ్లరసం, బిస్కెట్లు ఇచ్చి పంపిస్తారు. సంచిలోని రక్తం మాత్రం వెంటనే రోగికి చేరదు. సేకరణ సమయంలోనే చిన్న గొట్టాల్లోకి తీసిన నమూనాలు ప్రయోగశాలకు వెళతాయి. ఫలితాలు వచ్చేదాకా ఆ సంచిని విడిగా ఉంచుతారు.

మన దేశంలో ప్రతి యూనిట్‌కూ ఐదు పరీక్షలు తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా. ఇవన్నీ ఒకేసారి రాలేదు. హెచ్‌ఐవీ పరీక్ష 1989లో తప్పనిసరి అయితే, హెపటైటిస్-సి పరీక్షకు 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో, డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతికి 1998 జనవరి 1 నుంచి తెరపడింది. సిఫిలిస్ క్రిమి చలిలో కొద్దిరోజులకు మించి బతకదు. కానీ ప్లేట్‌లెట్లను 20-24 డిగ్రీల వద్ద నిల్వచేస్తారు కాబట్టి ఆ పరీక్షను పక్కనపెట్టలేం.

అసలు చిక్కు వైరస్‌లతోనే. ఎలైసా పరీక్షలు ప్రధానంగా వెతికేది వైరస్‌కు ప్రతిగా శరీరం తయారుచేసే యాంటీబాడీలను, లేదా వైరస్ తాలూకు ప్రొటీన్లను. ఇవి పరీక్షకు అందేంత మోతాదుకు చేరడానికి సమయం పడుతుంది. హెచ్‌ఐవీ యాంటీబాడీలకు సుమారు మూడు వారాలు, హెపటైటిస్-సి యాంటీబాడీలకు దాదాపు రెండు నెలలు. దీన్నే విండో పీరియడ్ అంటారు. ఆ రోజుల్లో ఫలితం నెగెటివ్ అనే వస్తుంది, రక్తం మాత్రం వ్యాధిని అంటించగలదు.

ఈ కిటికీని చిన్నది చేసేదే న్యూక్లిక్ ఆమ్ల పరీక్ష, అంటే నాట్. ఇది నేరుగా వైరస్ జన్యు పదార్థాన్నే పట్టుకుని, దానికి వేలకొద్దీ నకళ్లు తీస్తుంది. ప్రతి దశలోనూ రెట్టింపు అవుతూ పోతే, 30 దశల్లో ఒక్క నకలు వంద కోట్లు దాటుతుంది. దీనితో హెచ్‌ఐవీని పది రోజుల ప్రాంతంలో, హెపటైటిస్-సిని సుమారు వారంలో కనిపెట్టవచ్చు.

హెపటైటిస్-బి అంత తేలిగ్గా లొంగదు. తొలిదశలో హెచ్‌ఐవీ ఒక రోజులోపే రెట్టింపైతే, ఈ వైరస్‌కు రెండున్నర రోజులకు పైనే పడుతుంది. ఖర్చు తగ్గించడానికి కొన్ని చోట్ల పలువురు దాతల నమూనాలను కలిపి నాట్ చేస్తారు. ఎనిమిది కలిపితే వైరస్ సాంద్రత ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే మూడు రెట్టింపుల నష్టం. హెచ్‌ఐవీ విషయంలో ఇది మూడు రోజుల్లోపు ఆలస్యమే, హెపటైటిస్-బి విషయంలో మాత్రం వారం దాటుతుంది. పైగా కొందరిలో పాత హెపటైటిస్-బి ఉపరితల ప్రొటీన్ కనిపించనంత తక్కువ స్థాయిలో దాగి ఉంటుంది. విడివిడిగా పరీక్షించడం ఖరీదైనదే అయినా, ఈ వ్యాధి తక్కువేమీ లేని మన దేశంలో అదే మేలు. అయితే చట్టప్రకారం నాట్ ఇంకా తప్పనిసరి కాదు. ఎలైసాతోనో, ర్యాపిడ్ కిట్లతోనో సరిపెట్టే రక్తనిధులు చాలానే ఉన్నాయి.

ఈ తేడా భారం ఎక్కువగా పడేది తలసేమియా పిల్లల మీద. వారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాలకు ఒక యూనిట్ చొప్పున లెక్కవేసినా పదేళ్లలో 170 మందికి పైగా దాతల రక్తం ఒకే బిడ్డ ఒంట్లోకి వెళుతుంది. ఒక్కో యూనిట్‌తో ప్రమాదం ఎంత చిన్నదైనా, అన్నిసార్లూ కలిసి పెద్దదవుతుంది.

నాట్ ఉన్నా కిటికీ పూర్తిగా మూసుకోదు. అందుకే సూది గుచ్చేముందు నింపే ప్రశ్నావళికి అంత ప్రాధాన్యం. ఈమధ్య పచ్చబొట్టు పొడిపించుకున్నారా, కామెర్లు వచ్చాయా అన్న ప్రశ్నలు ఏ యంత్రమూ చూడలేని రోజుల గురించినవే. పచ్చబొట్టు వేయించుకున్నవారు ఏడాదిపాటు రక్తం ఇవ్వకూడదు. కానీ బంధువు ఆపరేషన్ బల్ల మీద ఉండగా, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ‘నేను ఇవ్వలేను’ అని చెప్పడం కష్టం. స్వచ్ఛంద దాతల రక్తం ఎక్కువ సురక్షితమని నిపుణులు చెప్పడానికి ఇదొక కారణం. హెచ్‌ఐవీ ఉందేమోనని అనుమానం తీర్చుకోవడానికి రక్తదానం చేసేవారూ ఉంటారు. అలాంటివారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఆ పరీక్షను ఉచితంగా, గోప్యంగా చేస్తారు.