అరుచికి చారు: చిక్కదనం, పులుపు, సువాసనల సంబంధం

"నోరు చప్పబడిపోయింది, ఏది తిన్నా గడ్డి నమిలినట్లుంది" అని చెప్పే రోగి రాని దినం నా చికిత్సాలయంలో అరుదు. జ్వరం నుండి కోలుకుంటున్నవారు, అరవై దాటిన వృద్ధులు, కోవిడ్ సోకిన తరువాత వాసన పూర్తిగా తిరిగి రానివారు ఈ మాట ఎక్కువగా చెబుతుంటారు. అప్పుడు ఇంటివారు ఆదుర్దాతో రెండు పనులు చేస్తారు. బలం రావాలని పప్పును, జావను మరింత చిక్కగా వండుతారు. రుచి తెలియాలని ఉప్పు, కారం పెంచుతారు. మొదటిదాని వల్ల రుచి ఇంకా మందగిస్తుంది. రెండవదాని వల్ల రక్తపోటు ఉన్నవారికి హాని కలుగుతుంది. పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రోగి మాత్రం కంచం పక్కకు నెట్టి నానాటికీ కృశించిపోతాడు. ఇందుకు తేలికైన ఉపాయం మన వంటింటిలోనే ఉన్నది. దానిని సరిగా వాడుకోవాలంటే చిక్కదనానికీ, పులుపుకూ, సువాసనకూ గల సంబంధం తెలియాలి.

రుచి ఎక్కడ తెలుస్తుంది?

మధుర, ఆమ్ల, లవణ, కటు, తిక్త, కషాయములనే ఆరు రసాలను నోటితో తెలుసుకుంటాము. కాని "ఇది జీలకర్ర, ఇది ఇంగువ, ఇది కొత్తిమీర" అని గుర్తుపట్టేది ముక్కు. ముక్కు గట్టిగా మూసుకొని నాలుగు జీలకర్ర గింజలు నమలండి. కొద్దిపాటి చేదు, ఘాటు తప్ప మరేమీ తెలియదు. ముక్కు వదలగానే జీలకర్ర పరిమళం గుప్పుమంటుంది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు ఆహారం నుండి లేచిన సువాసన అంగిలి వెనుక నుండి ముక్కులోకి చేరుతుంది. చాలామంది రోగులు "రుచి లేదు" అని చెప్పేది నిజానికి ఈ పరిమళం అందకపోవడమే. వయస్సు పెరిగేకొద్దీ వాసన పట్టే శక్తి తగ్గుతుంది. అటువంటివారికి ఆహారం తన పరిమళాన్ని ఎంత ధారాళంగా విడిచిపెడితే అంత మేలు.

చిక్కదనం చేసే పని

గోల్కొండకూ, 1578లో కట్టిన పురానాపూల్‌కూ మధ్య వర్తకుల బిడారులు విడిది చేసిన చోటు మా కార్వాన్. ఇక్కడ ఒకే వీధిలో ఒక ఇంట పచ్చిపులుసు, పక్క ఇంట హలీం కనిపిస్తాయి. పలుచదనానికీ చిక్కదనానికీ ఇంతకంటే మంచి ఉదాహరణలు అక్కరలేదు.

హైదరాబాదు హలీం 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడికించి మెత్తగా మెదిపిన ముద్ద అది. దానిలో ఎన్ని మసాలాలు ఉన్నా వడ్డించేటప్పుడు పైన వేయించిన ఉల్లి, కొత్తిమీర, పుదీనా చల్లి, నిమ్మబద్ద పక్కన పెడతారు. ఇది అలంకారం కోసం మాత్రమే కాదు. చిక్కని పదార్థం లోపలి పరిమళాలను పట్టి ఉంచుతుంది. పైన చల్లినవి మాత్రం తినీ తినకముందే ముక్కుకు చేరుతాయి.

ఇలా పట్టి ఉంచడానికి కారణాలు అనేకం. బియ్యపు పిండి, గోధుమపిండి వంటి వాటిలోని పిండిపదార్థంలో అమైలోజ్ అనే భాగం ఉన్నది. అది స్ప్రింగులా చుట్టుకొని, కొన్ని పరిమళ అణువులను తన నడుమ బంధిస్తుంది. పప్పులోని, పాలలోని ప్రోటీన్లు ఆల్డిహైడ్ జాతి పరిమళాలను తమకు అంటిపెట్టుకుంటాయి. కొత్తిమీర వాసన ఈ జాతిదే. నూనె, నెయ్యి తమలో కరిగే పరిమళాలను నెమ్మదిగా మాత్రమే విడుస్తాయి. వీటికి తోడు, చిక్కని పదార్థం నోటిలో పలుచగా పరచుకోదు, లాలాజలంతో త్వరగా కలవదు.

ఇంకొక విశేషం ఉన్నది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రకటించిన పరిశీలనలో, తీపి, పరిమళం కలిపిన ద్రవాన్ని చిక్కబరిచినప్పుడు ముక్కుకు చేరే పరిమళం తగ్గలేదు. అయినా తాగినవారికి తీపి, పరిమళం రెండూ తక్కువగానే తోచాయి. తీపి మందగిస్తే దానితో ముడిపడిన పరిమళం కూడా మనస్సుకు మందంగానే తోస్తుందన్నమాట. అంటే చిక్కదనం ముక్కునే కాక నాలుకను కూడా ఏమారుస్తుంది.

పులుపు చేసే పని

పులుపు అన్ని వాసనలనూ ఒకే విధంగా మార్చదు. కొన్నింటిని లేపుతుంది, కొన్నింటిని అణచుతుంది. సముద్రపు చేపల నీచువాసనకు ముఖ్య కారణమైన ట్రైమిథైల్ అమీన్ క్షారగుణం కలది. చింతపండు పులుపు తగలగానే అది లవణంగా మారి ద్రవంలోనే నిలిచిపోతుంది, గాలిలోకి లేవదు. చేపలను పులుసుగా వండే మన సంప్రదాయంలోని ఔచిత్యం ఇదే. సిర్కా విషయంలో దీనికి విపర్యయం. పుల్లగా ఉన్నంతవరకు దాని ఘాటు ముక్కుకు తగులుతుంది. కాస్త వంటసోడా వేస్తే పులుపుతోపాటు ఘాటూ చచ్చిపోతుంది.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి స్వయంగా వాసన లేదు. కాని అది లాలాజలాన్ని ఊరిస్తుంది. ఎండిన నోటిలో పరిమళం బయటపడదు, తడి నోటిలో బయటపడుతుంది. ఆమ్లరసం రుచిని పుట్టిస్తుంది, అగ్నిని మేల్కొలుపుతుంది అని ఆయుర్వేదం చెప్పడం ఇందుకు అనుగుణంగానే ఉన్నది.

పులుపునూ పిండినీ కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ నోటిలోనే పిండిని పలుచబరుస్తుంది. గట్టి పులుపు ఉంటే అది పనిచేయదు. కనుక బియ్యపు పిండి వేసి బాగా పుల్లగా కాచిన పులుసు నోటిలో కూడా చిక్కగానే ఉండిపోతుంది. అరుచి గలవారికి అటువంటి పులుసు తగదు.

వెల్లుల్లికి ఇంకొక నియమం. దంచినప్పుడు దాని లోపలి ఎంజైమ్ వల్ల ఘాటు పుడుతుంది. గట్టి పులుపు, వేడి ఆ ఎంజైమ్‌ను చంపుతాయి. అందువల్ల వెల్లుల్లిని దంచి పది నిమిషాలు విడిగా ఉంచి, ఆ తరువాతనే చారులో వేయాలి.

శాస్త్రం చూపిన క్రమం

పంచకర్మల పిమ్మట రోగికి ఆహారం ఇచ్చే విధానాన్ని సంసర్జన క్రమం అంటారు. మొదట పలుచని పేయ, తరువాత చిక్కని విలేపి, ఆపైన ఉప్పు, నెయ్యి, సంభారాలు లేని అకృత యూషం, పిదప అవి చేర్చిన కృత యూషం. పలుచదనం నుండి చిక్కదనానికి, చప్పదనం నుండి సంభారాలకు మెట్టు మెట్టుగా ఎక్కించడమే ఇందులోని రహస్యం. చరక సంహిత సూత్రస్థానం రెండవ అధ్యాయంలో 28 యవాగువులు చెప్పబడ్డాయి. వాటిలో వెలగ, మారేడు, పులిచింత, మజ్జిగ, దానిమ్మలతో సాధించే పుల్లని పేయ కూడా ఉన్నది. నేను గురుకులంలో చదువుకునే రోజులలో మా గురువుగారు రోగికి పథ్యం చెప్పేటప్పుడు పాత్ర మూతను రోగి ఎదుటనే తీయమని చెప్పేవారు. మొదటి ఆవిరిలోనే పరిమళం అధికంగా ఉంటుంది గదా!

అరుచికి పెసరకట్టు చారు

ఒకరికి ఒక పూటకు: పెసరపప్పు 2 చెంచాలు, మూడు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించాలి. పప్పు ఉడికిన తరువాతనే పులుపు చేర్చాలి. ముందే వేస్తే పప్పు త్వరగా ఉడకదు. మెదపకుండా పైన తేరిన కట్టు ఒక గ్లాసు వంచుకోవాలి. గోళీకాయంత చింతపండు రసం, వాడుకలో వేసే ఉప్పులో సగం వేసి 5 నిమిషాలు మరిగించి దించాలి. దించిన తరువాత, అప్పటికప్పుడు దంచిన మిరియాలు 5, వేయించిన జీలకర్ర అర చెంచా వేయాలి. అర చెంచా నేతిలో చిటికెడు ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, వెంటనే మూత వేసి 2 నిమిషాలు ఉంచాలి. మూత రోగి ఎదుట తీయాలి. నోరు కాలనంత వేడిగా, గుక్క గుక్కగా, భోజనానికి ముందు తాగించాలి. ప్రతి గుక్క మింగిన వెంటనే ముక్కుతో శ్వాస వదలమని చెప్పండి. పరిమళం అంగిలి వెనుక నుండి పైకి చేరేది అప్పుడే.

చారు ఆకలిని లేపుతుంది గాని, బలానికి అది ఒక్కటే చాలదు. వెనుకనే మెత్తని అన్నం, పప్పు కొద్దికొద్దిగా ఇవ్వాలి.

ముఖ్యమైన హెచ్చరికలు

పక్షవాతం వంటి వ్యాధుల వల్ల మింగడం కష్టమైనవారికి వైద్యులు చిక్కని ఆహారమే ఇవ్వమని చెబుతారు. పలుచని ద్రవం ఊపిరితిత్తులలోకి జారి ప్రాణాపాయం కలిగించవచ్చు. వారికి ఈ చారు ఇవ్వరాదు. వైద్యులు చెప్పిన చిక్కదనం తగ్గించకుండా, నిమ్మతొక్కను గాని, అప్పుడే నలిపిన కొత్తిమీరను గాని ముందుగా వాసన చూపించి, ఆ తరువాత ముద్ద పెట్టండి.

ఆమ్లపిత్తం, కడుపులో పుండు ఉన్నవారు పులుపును బాగా తగ్గించాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి వాడాలి. హఠాత్తుగా వాసన పోయినా, రెండు వారాలకు మించి అరుచి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇంటి వైద్యంతో కాలం గడపక పరీక్షలు చేయించుకోవాలి.

మిగిలినవారి విషయంలో, ఉప్పు డబ్బా వైపు చేయి పోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది మరీ చిక్కగా ఉన్నదా? పులుపు తగుమాత్రం ఉన్నదా? పోపు దించిన తరువాత వేశానా? చాలా ఇళ్లలో వృద్ధుల కంచం ఖాళీ కావడానికి ఈ మూడూ సరిచేస్తే చాలు.