పాత కారుకు జ్వరం వస్తే...

జ్వరం రోగం కాదు, రోగానికి గుర్తు మాత్రమే అంటారు వైద్యులు. పాత కారు ఇంజను వేడెక్కటం కూడా అటువంటిదే. అయినా మనలో చాలామంది, "పాత బండి కదండీ, వేడెక్కక ఏం చేస్తుంది!" అని సరిపెట్టుకుంటారు. ఆ ఒక్క మాటతో ఎన్ని మంచి బండ్లు పాత ఇనుము కొట్లకు చేరాయో లెక్కలేదు.

అంబాసిడర్‌నే తీసుకోండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనా ననుసరించి, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన కారు ఇది. 2014లో తయారీ ఆగిపోయింది. అంతవరకు అది మోయని వారు లేరు. మంత్రులను మోసింది, రోహిణీకార్తె ఎండల్లో పెళ్లివారిని మోసింది. వేడెక్కటమే దాని స్వభావమైతే ఇన్ని దశాబ్దాలు మన రోడ్ల మీద నడిచి వుండేదా?

మా ఇంట్లో వున్నది దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజను బండి. మా నాన్నగారు 1983లో కొన్నారు. 2023 వేసవిలో అందరం శ్రీశైలం బయలుదేరాము. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా బానెట్టు సందుల్లోంచి ఆవిరి చిమ్మింది. పక్కకు తీసి ఆపగానే అటుగా పోయేవారు నలుగురు చేరారు. "మూత తీసి చన్నీళ్లు గుమ్మరించండి" అన్నారు ఏకకంఠంతో. చేయకూడని పనులు రెండుంటే, ఆ రెండూ అవే!

మూత జోలికి పోరాదు

రేడియేటరు మూత ఉత్త మూత కాదు. లోపలి నీటిని ఒత్తిడిలో వుంచుతుంది. ఒత్తిడి ఒక్కొక్క పౌను పెరిగినకొద్దీ నీరు మరిగే స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. అందుచేత నూరు డిగ్రీలు దాటినా నీరు నీరుగానే వుంటుంది. మూత తీశామా, ఒత్తిడి పోయి, ఆ నీరు క్షణంలో ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఇక కాగివున్న పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే అది పగిలినా ఆశ్చర్యం లేదు.

ఇంజను ఆపాలి. ఆవిరి తగ్గాక బానెట్టు ఎత్తి, ముప్పావు గంట ఓపిక పట్టాలి. తరువాత దళసరి గుడ్డ వేసి మూతను మొదటి గాడి వరకే తిప్పి, మిగిలిన ఆవిరిని పోనిచ్చి, అప్పుడు తీయాలి. ఇంజను నడుపుతూ కొద్దికొద్దిగా నీళ్లు పోయాలి. నల్లమల కోతుల నుంచి పులిహోర పొట్లాలను కాపాడుకోవటంలో మాకు ఆ ముప్పావు గంట ఇట్టే గడిచిపోయింది.

ఇంటికి వచ్చాక అసలు సమస్య మొదలైంది. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు అయిదేళ్లకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. మా బండికి ఆ గడువు దగ్గరపడింది. "ఇక చాలు, అమ్మెయ్యండి" అన్నది మా శ్రీమతి. నాన్నగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవటమే నాకు కష్టంగా తోచింది.

గుంటూరులో ఈ బండ్ల మధ్యనే తల నెరిసిన మేస్త్రీ ఒకాయన వున్నాడు. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మాస్టారూ, ఇంజను ఎక్కువ వేడి పుట్టించటం లేదండీ. పుట్టిన వేడికి బయటికి దారి దొరకటం లేదు" అన్నాడు.

ఎంత సత్యం! పెట్రోలు మండగా వచ్చే వేడిలో దాదాపు మూడోవంతే బండిని నడుపుతుంది. మిగిలినదానిలో కొంత పొగగొట్టం గుండా పోతుంది. కొంత నీటిలోకి చేరి, రేడియేటరు ద్వారా గాలిలో కలవాలి. ఆ దారిలో ఎక్కడ అడ్డు పడ్డా ఇంజనుకు జ్వరమే.

చవక నుంచి ఖరీదుకు

మేస్త్రీ పరీక్షకు ఒక వరుస వున్నది. ముందు ఫ్యాను బెల్టు. వేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. వదులైతే ఫ్యానూ, నీటి పంపూ రెండూ మందగిస్తాయి. తరువాత రబ్బరు గొట్టాలు. కింది గొట్టం మెత్తబడితే, బండి వేగంలో వున్నప్పుడు లోపలికి ముడుచుకుని నీటిని ఆపుతుంది. ఆపైన థర్మోస్టాటు. దాన్ని విప్పి గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టాడు. ఎనభై డిగ్రీల ప్రాంతంలో తెరుచుకున్నది. "దీన్ని తీసి పారేస్తే పోలేదా?" అన్నాను. "అలా చేస్తే ఇంజనుకు కావలసిన వెచ్చదనం రాదండీ. పెట్రోలు తాగుతుంది, త్వరగా అరుగుతుంది" అన్నాడు. నిప్పురవ్వ ఆలస్యంగా పడినా వేడెక్కుతుందని టైమింగు కూడా చూశాడు. రేడియేటరులో బుడగలు వస్తున్నాయా, ఆయిలు మజ్జిగలా తెల్లబడిందా అని చూశాడు. ఆ రెండూ హెడ్ గ్యాస్కెట్టు పోయినదానికి గుర్తులు. అదృష్టవశాత్తు అవి లేవు.

చివరకు దొంగ రేడియేటరులో దొరికాడు. పై నుంచి నీళ్లు పోస్తే కింద సన్నని ధార! తొట్టి విప్పి చూస్తే, సన్నని గొట్టాలలో సగం సున్నపు పెచ్చులతో పూడిపోయి వున్నాయి. ఏళ్ల తరబడి తాగిన బోరునీళ్ల పుణ్యం అది. ఇత్తడి గొట్టాలు గనుక ఒక్కొక్కదానిలో సన్నని రేకు దూర్చి శుభ్రం చేసి, మళ్లీ టంకం వేశాడు. బ్లాకు పక్కనున్న కుళాయి విప్పి, నీటిని ఎదురు దిశలో పంపితే, తుప్పు కలిసిన ఎర్రని బురద కారింది. అంతే వైద్యం! కొత్తగా కొన్నవి రెండు గొట్టాలు, ఒక మూత. బండి పరీక్ష నెగ్గింది.

పాత కారున్న వారికి నేను చెప్పదలచినది ఇంతే. బోరునీళ్లు పోయకండి, డిస్టిల్డు వాటరు, కూలెంటు సగం సగం కలిపి పోయండి. డబ్బా మీద రాసిన గడువు ప్రకారం మార్చండి. రేడియేటరు రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులనూ, పొట్టునూ లోపలి వైపు నుంచి నీటితో కడగండి. వేడెక్కిన బండిని కోప్పడకండి; అది పని చేయననటం లేదు, ఊపిరాడటం లేదంటున్నది. వినే ఓపిక మనకుండాలి.