లైసెన్సు ఒకరిది, వల ఇంకొకరిది

బహ్రెయిన్ మార్కెట్లో మనం కొనే సాఫీ, షేరీ, హమూర్ చేపల్ని పట్టేవాళ్లలో చాలామంది భారతీయులు, బంగ్లాదేశీయులు. వేట లైసెన్సు మాత్రం బహ్రెయినీల పేరిటే ఉంటుంది. ఎన్నేళ్లు సముద్రం మీద గడిపినా మనవాళ్లు పనివాళ్లుగానే మిగులుతారు. ఇది న్యాయమేనా?

మన తీరం సంగతి చూద్దాం. తమిళనాడు మరబోట్లు నెల్లూరు తీరానికొచ్చి వలలేస్తే మన మత్స్యకారులు ఊరుకోరు. ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలదే హక్కు. బహ్రెయిన్ చిన్న ద్వీపదేశం. చేప తగ్గుతోందనే 2018లో రొయ్యల కోసం అడుగునీడ్చే వలల్ని నిషేధించారు. ఉన్న కొద్దిపాటి సంపద మీద స్థానికులకే మొదటి హక్కు అనడంలో తప్పులేదు.

అయితే లైసెన్సుతోపాటు బాధ్యత కూడా రావాలి. గుజరాత్ బోట్లలో పనికెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. బోట్లు వేరేవాళ్లవి, జైలు వీళ్లది.

అందుకే మీ ఊరి నుంచి ఎవరైనా ఇక్కడ వేటపనికి వస్తానంటే ముందే అడిగి తెలుసుకోమనండి: జీతమా, పట్టుబడిలో వాటానా? నిషేధ నెలల్లో డబ్బు వస్తుందా? ప్రమాదం జరిగితే ఖర్చు ఎవరిది? జవాబులన్నీ ఒప్పంద కాగితం మీద ఉండాలి. లైసెన్సు అడిగే హక్కు మనకు లేకపోవచ్చు, కూలి అడిగే హక్కు ఉంది.