మీకు తెలుసా? మేకుల గాయమూ ఆదామూ ఒకే మాట

ధర్మవరం పట్టుచీర అంచు మగ్గం మీదికి రాకముందే గ్రాఫు కాగితం మీద పుడుతుంది. గడి గడికీ రంగు నింపి, దాన్ని చూసి జకార్డు అట్టలకు చిల్లులు కొడతారు. ఆ కాగితం చీర కాదు, కానీ రాబోయే చీర అందులో కనిపిస్తుంది.

పాత నిబంధనను క్రైస్తవులు తొలినాళ్ల నుంచీ ఇలాగే చదివారు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పంలో సిలువను, పస్కా గొర్రెపిల్లలో క్రీస్తును చూశారు. 2వ శతాబ్దంలో సార్దీసు బిషప్పు మెలితో దీన్ని శిల్పి మైనంతోనో మట్టితోనో ముందుగా చేసుకునే నమూనాతో పోల్చాడు. అసలు పని పూర్తయ్యాక నమూనాతో పనిలేదన్నాడు. ఆ మాట నాకు మింగుడుపడదు. పస్కా కథ చెప్పే నిర్గమకాండం యూదులకు నేటికీ సజీవ గ్రంథం, వట్టి నమూనా కాదు.

ఇలాంటి నమూనాకు బైబిలు వాడిన మాట తెలుసుకోవాలంటే, హిందూపురంలోనో పెనుకొండలోనో చర్చికి వెళ్లేవారు తమ తెలుగు బైబిలులో రోమా 5:14 తెరిచి చూడండి. అక్కడ ఆదాము రాబోయేవాడికి, అంటే క్రీస్తుకు, ‘గురుతు’. గ్రీకులో ఆ మాట ‘టుపోస్’, అంటే దెబ్బ కొడితే పడే అచ్చు. ఇప్పుడు యోహాను 20:25కి రండి. శిష్యుడు తోమా చూడాలన్న, క్రీస్తు చేతుల్లోని మేకుల గాయానికి గ్రీకులో అదే ‘టుపోస్’, తెలుగులోనూ అదే ‘గురుతు’.